ఊరి ఉమ్మడి భూమి – శాసనసభా సంఘము

గ్రామ నక్షాను విప్పి చూచినచో ప్రతి పొలమునకును ఒక సర్వే నంబరు కనబడును. పహాణీలో ఆ నంబరునకు ఎదురుగా పట్టాదారు పేరుండును. కాని కొన్ని నంబర్లకు ఎదుట ఏ మనిషి పేరును ఉండదు. బంచరాయి అనియో, శిఖం అనియో, ఖారిజ్ ఖాతా అనియో, వట్టి సర్కారీ అనియో వ్రాసియుండును. పశువులు మేయు బీడు, చెరువు గర్భము, వాగు, బండ్ల బాట, శ్మశానము ఇవన్నియు ఆ పేరు లేని నంబర్లలోనివే. పేరు లేని చోట తమ పేరు వ్రాయించుకొన గోరువారు ఏ ఊరిలోనైనను కొందరుందురు. వారిని మొదట ఆపవలసినది గ్రామ పంచాయతీ; పిమ్మట తహసీలుదారు, కలెక్టరు. ఆ అధికారులును, వారిపైనున్న ప్రభుత్వమును తమ పని సరిగా చేయుచున్నారా లేదా అని అడుగునది శాసనసభ. రెండువందల పైచిలుకు గ్రామములు గల జిల్లాలోని ఒక్కొక్క చెరువును గూర్చి సభ అంతయు కూర్చుండి విచారించుట సాధ్యము కాదు గనుక ఆ పనిని సభ తన సంఘములకు అప్పగించును. ఆ సంఘముల శక్తి ఎంత, మన ఊరి కాగితము వాటివరకు ఏ దారిని పోగలదు అనునది పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయము. ఇందుకు అమరచింత ప్రాంతమును ముందుంచుకొని కొంత చరిత్రను పరిశీలింతము.

అమరచింత ఒకప్పుడు నిజాము ఏలుబడిలోని సంస్థానము. రాజావారి నివాసము ఆత్మకూరు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సంస్థాన విస్తీర్ణము దాదాపు 190 చదరపు మైళ్ళు. గ్రామములు సుమారు 70. పొరుగున గద్వాల, వనపర్తి సంస్థానములుండెను. ఆ కాలమున కంచెను గూర్చియైనను, చెరువు నీటిని గూర్చియైనను చివరి మాట సంస్థానపు కచేరీది. ఆ మాటను ప్రశ్నించుటకు ప్రజలెన్నుకొన్న సభ లేదు. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్ల రద్దు శాసనము వచ్చినది. సంస్థానముల ఆస్తులు, లెక్కలు ప్రభుత్వపరమైనవి. 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు తొలి ఎన్నికలు జరిగినవి. భూమిని కాచు అధికారము ప్రభుత్వమునకును, ప్రభుత్వమును ప్రశ్నించు అధికారము సభకును ఈ మూడు సంవత్సరములలోనే సంక్రమించినవని చెప్పవచ్చును.

ఈ భూములు ప్రభుత్వపరమగుటకు ఆధారము ఇంకను పాతది. 1317 ఫసలీ నాటి, అనగా 1907-08 నాటి, భూమి శిస్తు శాసనపు 24వ సెక్షను ప్రకారము బాటలు, వంతెనలు, నదులు, వాగులు, చెరువులు, కుంటలు, కాలువలు, పారునీరు, ఇతరుల హక్కు నిరూపితము కాని సమస్త భూమియు ప్రభుత్వపు సొత్తు. ఆ సొత్తులో ఊరివారి నిత్యావసరమునకు పనికివచ్చు భాగమును పంచాయతీకి అప్పగించు పద్ధతి తరువాత వచ్చినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షనులో మేత బీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, పశువుల నిలుపుదల స్థలములు, బండ్ల నిలుపుదల స్థలములు, తోపులు – ప్రభుత్వమునకు ప్రత్యేకావసరము లేనిచో – గ్రామ పంచాయతీకి దఖలు పడునని వ్రాసినారు. తెలంగాణలో ఆ చట్టము స్థానమున 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టము వచ్చినది. అమరచింత ఊరు అదే సంవత్సరము పురపాలక సంఘమైనది గనుక ఆ పట్టణపు వ్యవహారము వేరు. చుట్టునున్న గ్రామముల పంచాయతీలకు మాత్రము ఈ బాధ్యత తప్పదు.

ప్రాంతీయ సంఘము అనుభవము

భూమిపై శాసనసభా సంఘము పర్యవేక్షణ అను మాట తెలంగాణకు కొత్తది కాదు. ఒక కాలమున మన ప్రాంతపు శాసనసభ్యులందరును కలిసి అట్టి సంఘముగా ఏర్పడియుండిరి. దానినే తెలంగాణా ప్రాంతీయ సంఘమనిరి. ఇప్పటి పడుచువారిలో దీని పేరు విన్నవారు తక్కువ. కాబట్టి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పాటునకు ముందు, 1956 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో ఇరు ప్రాంతముల నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. పెద్దమనుషుల ఒప్పందమని ప్రసిద్ధికెక్కినది అదే. తెలంగాణలో వ్యవసాయ భూముల విక్రయము ప్రాంతీయ మండలి అదుపులో ఉండవలెనని అందు ఒక షరతు. దానికి కారణము సులభముగానే ఊహింపవచ్చును. కాలువల క్రింద పంట పండించి రొక్కము చేత గలవారు ఒక వైపు, మెట్ట సేద్యముపై బ్రతుకుచు అప్పులలో నున్నవారు మరొక వైపు ఉన్నపుడు, అడ్డు లేనిచో భూమి ఏ వైపునకు జారునో ఎవరికైనను తెలియును. ఒప్పందములో తలచినది 20 మంది సభ్యుల మండలి. అమలులోనికి వచ్చినది మరియొక రూపము. రాజ్యాంగము 371వ అధికరణము క్రింద రాష్ట్రపతి 1958 ఫిబ్రవరి 1న ఇచ్చిన ఉత్తరువు ప్రకారము తెలంగాణ ప్రాంతపు శాసనసభ్యులందరితో ప్రాంతీయ సంఘము ఏర్పడినది. పాలమూరు జిల్లా సభ్యులును అందులోనివారే. పంజాబునందును ఇటువంటి ప్రాంతీయ సంఘములే, హిందీ ప్రాంతమునకొకటి, పంజాబీ ప్రాంతమునకొకటి, ఉండెను; 1966లో ఆ రాష్ట్రము విభజింపబడుటతో అవి ముగిసినవి.

సంఘమునకు అప్పగించిన విషయములు ఒక పట్టికగా ఇవ్వబడెను. స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యము, ప్రాథమిక, మాధ్యమిక విద్య, మద్యనిషేధము, కుటీర పరిశ్రమలు, వ్యవసాయము, సహకార సంఘములు, సంతలు మొదలగువానితో పాటు వ్యవసాయ భూముల విక్రయమును అందున్నది. ఈ విషయములపై వచ్చు బిల్లు తెలంగాణకు సంబంధించినదైనచో సభ దానిని సంఘమునకు పంపును. సంఘము తన సలహా నిచ్చును. ప్రభుత్వమును, సభయును సామాన్యముగా ఆ సలహాను అంగీకరింపవలెను. అభిప్రాయభేదము వచ్చినచో గవర్నరు నిర్ణయమే తుది నిర్ణయము. వట్టి సలహా సంఘమునకు ఇంత బలము కల్పించుట అరుదు. కె. అచ్యుతరెడ్డి, జె. చొక్కారావు వంటివారు దీనికి అధ్యక్షులైరి.

సంఘము చేతిలోని ఈ అధికారము పని చేయుటకు క్రింద ఒక చట్టము ఆధారముగా ఉండెను. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము 47వ సెక్షను ప్రకారము అధికారుల ముందస్తు అనుమతి లేనిదే వ్యవసాయ భూమి విక్రయము చెల్లదు. కొనువాడెవరు, అమ్మువానికి ఇంకెంత మిగులును అని అడుగుటకు అక్కడ ఒక గడప ఉండెను. 1969లో 12వ చట్టముతో ఆ సెక్షను తొలగింపబడినది. గడప తీసివేసిన తరువాత కావలివాడు ఎక్కడ నిలువవలెను? అదే సంవత్సరమున ఒప్పందపు షరతులు అమలు కాలేదన్న ఆరోపణతో తెలంగాణ అంతటను ఆందోళన చెలరేగెను. 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చి, ప్రాంతీయ సంఘము రద్దయినది.

ఈ పదునైదేండ్ల చరిత్రలో పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు రెండు. సంఘము పట్టికలో ‘వ్యవసాయ భూముల విక్రయము’ ఉన్నది గాని, ఊరి బీడు, చెరువు శిఖము, అడవి, గనులు విడిగా లేవు. రైతు పట్టా భూమి చేతులు మారుటను గూర్చి ఇంత జాగ్రత్త పడినవారు, ఎవరి పట్టాయు కాని భూమి సంగతి పట్టించుకొనలేదు. అమ్మకమే లేని భూమిని అమ్మకపు నిబంధన ఎట్లు కాపాడును? అది ఆక్రమణ చేతనే పోవును. రెండవది, సంఘము ఎంత బలమైనదైనను క్రింది చట్టములోని ఒక్క సెక్షను తొలగినచో దాని పని సగము ఖాళీ అగును. కాబట్టి సంఘమును చూచి ధైర్యపడక, ఆ సంఘము దేని ఆధారమున పనిచేయునో దానిని కాపాడుకొనవలసియుండును. ఊరి విషయములో ఆ ఆధారము భూమి రికార్డు.

ఇప్పుడున్న దారులు

ప్రాంతీయ సంఘము వంటిది ఇప్పుడు లేదు. కాని శాసనసభకు ఎల్లప్పుడు ఉండు సంఘములు కొన్ని కలవు. వీటిలో పెద్దది ప్రజా పద్దుల సంఘము. దానికి అధ్యక్షుడు ప్రతిపక్షమువాడుగా నుండుట సంప్రదాయము. కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు ఇచ్చు నివేదికలు సభ ముందుంచబడి ఈ సంఘమునకు చేరును. పద్దులనగా రూపాయల లెక్క మాత్రమే అని తలపరాదు. ప్రభుత్వ భూమి ఎవరికిచ్చినారు, ఏ ధరకిచ్చినారు అనునదియు లెక్కయే. ఉమ్మడి రాష్ట్రమున 2006 నుండి 2011 వరకు జరిగిన భూ కేటాయింపులను ఆడిటు పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చినపుడు, ఆ అయిదేండ్లలో 1,027 మందికి లేక సంస్థలకు 88,492 ఎకరముల ప్రభుత్వ భూమి కేటాయింపబడినదని తేలెను. సగటున ఒక్కొక్కరికి 86 ఎకరములకు పైబడి! నాలుగెకరముల బంచరాయి కొరకు పోరాడు పంచాయతీకి ఈ సంఖ్య ఒక చక్కని పాఠము. భూమిని ఆక్రమించినవాని వలననే కాక, కాగితముపై సక్రమముగా కేటాయించినవారి వలన కూడ ఊరు నష్టపోవచ్చును.

రెండవది ప్రభుత్వ హామీల సంఘము. దీని పని చాల చిన్నదిగా తోచును గాని మన వంటివారికి ఉపయోగకరము. సభలో శాసనసభ్యుడు ప్రశ్న వేయును. మంత్రి లేచి “విచారణ జరిపించి తగు చర్య తీసికొందుము” అనును. అక్కడితో ఆ మాట గాలిలో కలిసిపోవునని మనము అనుకొందుము. అట్లు కాదు. ఆ మాట హామీగా నమోదై సంఘము ముందుకు వచ్చును. విచారణ జరిగినదా, జరిగినచో ఏమి తేలినది అని సంఘము శాఖను అడుగును. చర్య పూర్తియగువరకు హామీ పెండింగులోనే ఉండును. మంత్రి నోట ఒక సర్వే నంబరును గూర్చి హామీ పలికించుట ఒక పంచాయతీ సాధింపగల మంచి విజయమని నా అభిప్రాయము.

అర్జీల సంఘము మూడవది. సార్వజనిక ప్రయోజనము గల విషయముపై ప్రజలు సభకు నేరుగా అర్జీ పెట్టుకొనవచ్చును. అయితే దానిని ఒక సభ్యుడు సమర్పింపవలెను. న్యాయస్థానములో నడుచుచున్న వ్యవహారము మాత్రము ఈ సంఘము ముందుకు రాదు. అందుచేత కోర్టుకు పోవుటకు ముందే ఏ దారి మేలో ఆలోచించుకొనుట మంచిది.

ఇవి గాక, ఒక ప్రత్యేక విషయమును విచారించుటకు సభ అప్పటికప్పుడు నియమించు సభా సంఘములు ఉన్నవి. భూముల వ్యవహారములలో పత్రికలు ఎక్కువగా వ్రాయునది వీనిని గూర్చియే. ఇవి అధికారులను పిలిపించును, దస్త్రములు తెప్పించును, స్థలమునకు పోయి చూచును. వీని బలహీనత కూడ తెలిసియుండవలెను. ఇవి చేయునది సిఫారసు. భూమిని స్వాధీనము చేసికొనుట, పట్టా రద్దు చేయుట వీని పని కాదు, అది కలెక్టరుది. అదియును గాక శాసనసభ రద్దయిన నాడు సంఘమును ముగియును. నివేదిక వ్రాయకయే ముగిసినచో మనము మరల మొదటినుండి రావలసియుండును.

సంఘము కాక సభ మొత్తము ఒక ప్రకృతి సంపదను గూర్చి మాట్లాడిన సందర్భము మన పొరుగుననే ఉన్నది. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు 2019 మేలో కేంద్రములోని అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. నల్లమల గ్రామములలోను, చెంచు పెంటలలోను ఆందోళన సాగెను. అదే సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను. అణు ఖనిజములు కేంద్రము పరిధిలోనివి కాబట్టి ఆ తీర్మానము ఆజ్ఞ కాదు, అభిప్రాయము. అయినను దాని బరువు తక్కువది కాదు. ఇక్కడ కూడ మాట మొదట లేచినది ఊళ్ళలోనని మరువరాదు.

ఊరిలో పని ఎట్లు మొదలగును

ఒక ఊహ చేయుదము. ఒక గ్రామమున 40 ఎకరముల చెరువు శిఖము కలదు. వానలు లేని రెండేండ్లలో నీరు వెనుకకు తగ్గినపుడు అంచున ఆరు ఎకరములు ఎవరో దున్నినారు. మూడవ యేట గట్లు వేసినారు. నాల్గవ యేట బోరు వేసినారు. జూరాల వంటి పెద్ద జలాశయపు అంచులలో గాని, ఊరి కుంటలో గాని ఈ క్రమమే సామాన్యము: దుక్కి, గట్టు, బోరు, ఆ తరువాత కాగితము. పంచాయతీ మేలుకొనవలసినది దుక్కి నాడు. సాధారణముగా మేలుకొనునది కాగితము వచ్చిన నాడు.

ఆ పంచాయతీ ‘మా చెరువును ఆక్రమించినారు, న్యాయము చేయుడు’ అని ఒక వినతిపత్రము వ్రాసి శాసనసభ్యునికిచ్చినదనుకొందము. ఆయన మంచివాడే, దానిని కలెక్టరునకు పంపును. కలెక్టరు తహసీలుదారునకు పంపును. తహసీలుదారు ఏ నంబరు, ఎన్ని ఎకరములు అని అడుగును. జవాబు లేదు. కాగితము అక్కడ నిలిచిపోవును. ఇందులో ఎవరి దుర్మార్గమును లేదు. అంకె లేని ఫిర్యాదు ఎవరి చేతిలోను నిలువదు.

అదే పంచాయతీ ముందుగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీయించినదనుకొందము. తెలంగాణలో భూమి వివాదమునకు మూలాధారముగా చూచు రికార్డు అదే. అందు ఆ నంబరు శిఖముగా వ్రాసియున్నది. విస్తీర్ణము 40 ఎకరములు. ఇప్పటి రికార్డులో అదే నంబరు 34 ఎకరములుగా చూపబడి, మిగిలిన ఆరు ఒక ఉపనంబరుగా చీలియున్నది. ఈ రెండు కాగితములను ప్రక్క ప్రక్కన ఉంచినచో మాటతో పని లేదు. గ్రామసభలో ఆ నంబరు, ఆ విస్తీర్ణములు, తేడా, చూచిన తేదీ చేర్చి తీర్మానము చేయవలెను. దాని నకలు తహసీలుదారునకిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. సర్వే కోరవలెను. జవాబు రానిచో జ్ఞాపిక, ఆపై కలెక్టరునకు. ఇదంతయు దాఖలా. శాసనసభ్యుడు సభలో ప్రశ్న వేయునపుడు ఆయన చేతిలో ఉండవలసినది ఈ దాఖలాయే; హామీల సంఘము గాని, అర్జీల సంఘము గాని, సభా సంఘము గాని అధికారులను నిలదీయునపుడు బల్లపై ఉండవలసినదియు ఇదే. సుప్రీం కోర్టు కూడ 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో గ్రామముల ఉమ్మడి భూముల నుండి అక్రమ ఆక్రమణదారులను తొలగించుటకు పథకములు తయారు చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించియున్నది. తీర్మానములో ఆ తీర్పును పేర్కొనుట మేలు.

ఒక హెచ్చరిక అవసరము. సర్కారీ భూమిని దున్నువారందరును ఆక్రమణదారులు కారు. లావణి పట్టా పొంది సేద్యము చేసికొను నిరుపేదలు ప్రతి ఊరిలోను కలరు. వారి భూమిని ఇతరులు కొనుట 1977 నాటి 9వ చట్టము ప్రకారము చెల్లదు. ఆ చట్టము ఉద్దేశ్యము ఆ పేదను కాపాడుట. బలవంతుని ఆరు ఎకరములను ముట్టుటకు జంకి, ఒకటిన్నర ఎకరము లావణివానిపై తీర్మానము చేసిన పంచాయతీ తన పరువు తానే తీసికొనును. కాబట్టి నంబరు చూచునపుడే ఆ భూమి ఎవరికైనను అసైను అయినదా, అయినచో ఇప్పుడు దున్నుచున్నది ఆ కుటుంబమేనా అనునది కూడ తేల్చుకొనవలెను. మూల అసైనీ కూలికి పోవుచు, భూమి మరియొకరి క్రింద ఉన్నచో, ఆ సంగతినే వ్రాయవలెను.

ఊరి లెక్కలు చూచు మనిషి విషయమును ఇటీవల చాల మారినది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవి రద్దయినది. అదే సంవత్సరము ధరణి వచ్చినది. 2025లో భూభారతి చట్టము దాని స్థానమున వచ్చి, గ్రామ పాలనాధికారులు నియమింపబడిరి. ఇన్ని మార్పుల నడుమ పాత పహాణీలో ఏమున్నదో చెప్పగల ముసలివారు ఊరిలో తగ్గిపోవుచున్నారు. అందువలన ఊరిలోని సర్కారీ నంబర్లన్నింటి జాబితాను, 1954-55 నాటి విస్తీర్ణముతో, ఇప్పటి విస్తీర్ణముతో సహా, పంచాయతీ తన స్వంత పుస్తకములో ఒకసారి వ్రాసికొనుట ఏ వివాదమును లేని రోజులలోనే జరుగవలసిన పని.

నకలు ఇచ్చుటకు ఎవరైనను జాప్యము చేసినచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. గ్రామ స్థాయి కార్యాలయములో రుసుము లేదు; మండల స్థాయిలో 5 రూపాయలు; అంతకు పైన 10 రూపాయలు. జవాబునకు గడువు 30 దినములు. దరఖాస్తులో గ్రామము పేరు, సర్వే నంబరు, ఏ సంవత్సరపు పహాణీ కావలెనో ఆ సంవత్సరము స్పష్టముగా వ్రాసి, అందినట్లు ముద్ర వేయించుకొనవలెను.